టిక్కీకి అరకిలో

ఈ కేసులోని సోదరుడి అనుమతితోనే రాస్తున్నాను. రాసింది ముందు ఆయనకే చదివి వినిపించాను. రెండు చోట్ల "ఇంత మర్యాదగా జరగలేదు అయ్యగారూ" అని సరిచేశాడు. పేర్లు పెట్టలేదు, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేను గుంటూరు శివారులో తొంభై కుటుంబాలున్న ఒక సంఘానికి పాస్టర్ని. పంతొమ్మిదేళ్లయింది. కౌన్సెలింగులో కొంత శిక్షణ తీసుకున్నాను గానీ నన్ను నేను కౌన్సెలర్ అని చెప్పుకోను. నెలకోసారి నలుగురైదుగురు సేవకులం కూర్చుని, మా దగ్గరికొచ్చిన కేసులు ఒకరికొకరు చెప్పుకుంటాం. ఇది చెప్పినప్పుడు అందరూ ఆ సోదరుడి గురించే ప్రశ్నలడిగారు. ఒక్క పెద్దాయన మాత్రం "ఆయన సంగతి సరే, నువ్వేం చేశావో మళ్లీ మొదటినుంచి చెప్పు" అన్నాడు. అందుకని ఇందులో నా సంగతి కాస్త ఎక్కువగానే ఉంటుంది.

వచ్చిన సమస్య

వయసు 38. మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తా, నెల జీతం 18,000. భార్య ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఇద్దరు పిల్లలు. పదకొండేళ్లుగా మా ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించేది ఈయనే. మంచి గొంతు. పెళ్లిళ్లకీ, సమాధి కూడికలకీ ముందు ఈయన్నే అడిగేవాళ్లు.

ఆగస్టులో ఒక బుధవారం కూడిక అయ్యాక, కుర్చీలు ఒకదానిమీద ఒకటి వేస్తూ అన్నాడు: "అయ్యగారూ, మైకు పట్టుకుంటే నోరు పాడుతోంది. లోపల ఎవరూ లేరు."

ఎప్పటినుంచి అంటే, ఈస్టర్ నుంచి అన్నాడు. ప్రార్థనలో మాటలు వస్తున్నాయి, మనసు రావడం లేదు. ఆదివారం పొద్దున లేవగానే టెన్షన్. ఎదురుగా ఎవరైనా కన్నీళ్లతో పాడుతుంటే వాళ్లని చూసి అసూయ. దేవుడు నన్ను వదిలేశాడేమోనని భార్యతో ఒకసారి అన్నాడట.

ఇలాంటి మాట విన్నప్పుడు ముందు ఆరోగ్యం సంగతి చూడాలని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఇదే మాట చెప్పిన ఒక సహోదరికి ఉపవాసం చెప్పి పంపాను. ఆమెకు ఉన్నది డిప్రెషన్. మందులు మొదలుపెట్టాక తేరుకుంది, నేను చెప్పిన ఉపవాసం వల్ల మాత్రం ఇంకా నీరసపడింది. అందుకని ఈయన్ని నిద్ర, ఆకలి, పనిమీద ధ్యాస, చచ్చిపోవాలన్న ఆలోచన, అన్నీ అడిగాను. డాక్టరు దగ్గరికి పంపాను. ఆ డాక్టరు సలహామీద సైకియాట్రిస్టు దగ్గరికి కూడా వెళ్లాడు. బీపీ కొంచెం ఎక్కువుంది, డిప్రెషన్ కాదన్నారు. లోపల ఎండిపోయినట్టు ఉండడం విశ్వాసికి కొత్త కాదని కూడా చెప్పాను. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క స్తోత్రం ఉండదు, అయినా అది బైబిల్లో ఉంది. ఇంతవరకు నేను చేసిందాంట్లో పొరపాటు లేదనే అనుకుంటున్నాను.

నేనిచ్చిన మందు

పొరపాటు ఆ తర్వాత మొదలైంది. ఆరాధన రావడం లేదన్న మనిషికి ఇంకా ఎక్కువ ఆరాధన రాసిచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు ఆరాధన అంటే ఆదివారం గుడిలో జరిగేదంతా: పాపపు ఒప్పుకోలు, వాక్యం, కానుక, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం), ఆశీర్వాదం. ఇప్పుడు మా సంఘంలో వాక్యానికి ముందు పాడే అరగంట పేరే 'వర్షిప్'. "ఇప్పుడు ఆరాధనలోకి వెళ్దాం" అని మైకులో నేనే చెబుతాను, అప్పటిదాకా మేం ఎక్కడున్నామో మరి! గుంటూరు 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఊరు. పాత కీర్తనలు తాళాలతో పాడే తాతలు, కీబోర్డు, ప్యాడ్స్ కావాలనే మనవళ్లు ఒకే గుడిలో కూర్చుంటారు. ఆ ఇద్దరి మధ్య నలిగేది పాటలు నడిపించేవాడే. కాబట్టి ఈయనదీ పాటల సమస్యే అనుకున్నాను.

మూడు రోజులు ఉపవాసం. పాటల లిస్టు మార్చాం, శ్రుతి తగ్గించాం, వెనక గొంతు కలపడానికి ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టాం. నెలకో ఆల్ నైట్ ప్రేయర్. గుడిలో మైకుల సౌండ్ మిక్సరు పాతబడి గరగరమంటోందని, సౌండ్ బాగుంటే మనసు కుదురుతుందని కూడా అన్నాను. ఆ మాట అన్నది నేనే.

అక్టోబరులో ఆయన ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. 40,000. మిక్సరుకి, రెండు మైకులకి అన్నాడు. 18,000 జీతగాడు 40,000 ఇస్తున్నప్పుడు అడగాల్సిన ప్రశ్న చిన్నపిల్లాడికైనా తడుతుంది. నేను అడగలేదు. ఆదివారం పేరు చదివి చప్పట్లు కొట్టించాను. కొత్త మిక్సరుమీద చేయివేసి ప్రతిష్ఠ ప్రార్థన చేశాను.

డిసెంబరు రెండో ఆదివారం, రెండో పాట మధ్యలో ఆయన ఆపేశాడు. సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. కీబోర్డు కుర్రాడు ఏదో అనుకుని వాయిస్తూనే పోయాడు. ఈయన మైకు స్టాండుకి తగిలించి, దిగి, వెనక కుళాయి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను లేచి ఇంకో పాట ఎత్తుకున్నాను. శ్రుతి కుదరలేదు.

మంగళవారం ఆయన భార్య మా ఇంటికొచ్చింది. నాతో మాట్లాడలేదు. వంటింట్లో మా ఆవిడ దగ్గర గంటసేపు కూర్చుంది. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, నాకు వినపడేలాగే అంది: "అమ్మగారూ, ఆ డబ్బు ఎక్కడిదని అయ్యగారు ఎందుకు అడగలేదు?"

నోట్‌బుక్కు

మర్నాడు సాయంత్రం ఆయన్ని ఏటుకూరు రోడ్డులో ఒక టీకొట్టు దగ్గరికి రమ్మన్నాను. గుడిలో నా గదికి పిలవలేదు. ఆ గదిలో నేను పాస్టర్ని అయిపోతాను. ఈయన్ని ప్రశ్నించే హక్కు నాకు ఆ రోజు లేదనిపించింది. "ఆ 40,000 ఎక్కడివని అడగనందుకు నన్ను క్షమించు తమ్ముడూ" అన్నాను. ఇంకేమీ అనలేదు. టీ మీద మీగడ కట్టేదాకా ఆయనా ఏమీ అనలేదు. తర్వాత లేచి, బండి డిక్కీలోంచి ఒక పొడుగాటి నోట్‌బుక్కు తెచ్చాడు.

మిర్చి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రైతు ఎండుకాయను గోనెసంచుల్లో తొక్కి తెస్తాడు. ఆ సంచినే గుంటూరులో టిక్కీ అంటాం, అటూ ఇటుగా 40 నుంచి 45 కిలోలుంటుంది. మచ్చు చూసి ధర కుదిరాక కాటా వేస్తారు. ఖాళీ సంచి బరువు తీసేసి మిగిలిన తూకం రాసి, రైతుకి తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ ఇస్తారు. ఆ తూకం రాసే చెయ్యి ఈయనది. సంచి బరువు కింద తీసేదానిపైన ఇంకో అరకిలో తీసి రైతు చీటీ రాసేవాడు. కొన్నవాళ్ల లెక్కలో పూర్తి తూకమే ఉండేది. మధ్యలో మిగిలింది ఈయన జేబులోకి. అందరి దగ్గరా కాదు. చదువురానివాళ్ల దగ్గర, ఆఖరి బస్సు పోతుందని తొందరపడేవాళ్ల దగ్గర. (ఈ వాక్యం నేను రాయలేదు, ఆయన రాయించాడు.)

రెండు సీజన్లు నడిచింది. గుమస్తా అలవాటు కదా, దొంగతనానికి కూడా లెక్క రాసుకున్నాడు. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, టిక్కీలు. 28 మంది, 614 టిక్కీలు, 307 కిలోలు.

నేను ఒక ప్రశ్న అడిగాను: "ఆ రోజుల్లో ఆదివారం పాడుతుంటే నీకేమీ అనిపించేది కాదా?"

"బాగా అనిపించేది అయ్యగారూ. నేను ఎక్కువ ఏడ్చింది అప్పుడే."

ఈ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఇప్పటికీ ఆగుతుంటాను. తప్పు చేస్తే దేవుని సన్నిధి అనుభవం పోతుంది, మానేస్తే తిరిగొస్తుంది అని మేం చెప్పే లెక్క ఉంది చూడండి, ఈయన విషయంలో అది తలకిందులైంది. వారమంతా అరకిలో అరకిలో తీసి, ఆదివారం నిజమైన కన్నీళ్లతో పాడాడు. అది నటన కాదు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆ కన్నీళ్లు చూసే ఈయన్ని ఆత్మపూర్ణుడు అనుకున్నాను.

మరి ఎండిపోవడం ఎందుకు మొదలైంది? ఈస్టర్‌కి ముందు వారంలో ఒక ముసలి రైతు 22 టిక్కీలు తెచ్చాడు. చీటీ అందుకుని చూడకుండానే మడిచి జేబులో పెట్టుకుంటూ, "నువ్వు గుళ్లో పాడతావంట గదా అబ్బాయ్, మావోడు చెప్పిండు. నీ చేతి తూకమైతే నేను చూస్కోను" అన్నాడట. ఆ ఆదివారం తెల్లవారుజామున ఈస్టర్ ఆరాధనలో పాడుతుంటే లోపల ఏమీ కదల్లేదు.

దేవుడు వదిలేశాడని ఆయన అనుకున్నాడు. నాకు తోచింది వేరే. ఆయన పాట మీద నమ్మకంతో ఒకాయన మోసపోయాడు, ఇక ఆ పాట ఆయన నోట్లో ఇమడలేదు. నేనేమో ఆ నోట్లోకి ఇంకో పది పాటలు కుక్కాలని చూశాను.

ఆమోసు గ్రంథం ఐదో అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. "మీ పాటల ధ్వని నాయొద్దనుండి తొలగనియ్యుడి" అనే చోటు. ఎనిమిదో అధ్యాయం మీద ఒక్కసారి కూడా చెప్పలేదని ఆ రాత్రి ఇంటికెళ్లి బైబిలు తీశాక తెలిసింది. అక్కడ వర్తకులు విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, గింజలు ఎప్పుడు అమ్ముదామా అని చూస్తుంటారు, కొలత తగ్గించి, దొంగత్రాసు పెట్టి. పాటలు వద్దన్న ప్రవక్తే త్రాసు గురించి కూడా మాట్లాడాడు. ఆ పాటలు ఎందుకు వద్దన్నాడో తెలియాలంటే త్రాసు దాకా చదవాలి. నేను పాటల దగ్గర పుస్తకం మూసేవాణ్ణి.

యోహాను నాలుగో అధ్యాయంలో సమరయ స్త్రీ సంగతి కూడా ఇలాగే గుర్తొచ్చింది. యేసు ఆమె భర్తల ఊసెత్తగానే ఆమె, మా పితరులు ఈ పర్వతం మీద ఆరాధించారు, మీరు యెరూషలేము అంటారు అని ఆరాధన స్థలం గురించి మాట్లాడుతుంది. ఆమె మాట తప్పించిందని కొందరంటారు, నిజంగానే తెలుసుకోవాలని అడిగిందని కొందరంటారు. ఆమె సంగతేమో గానీ, అడగాల్సిన ప్రశ్న తప్పించుకోవడానికి మిక్సరు నాకు ఆ పర్వతంలాంటిదే అయింది.

చేసిన పని

ముందుగా పాటలు నడిపించడం ఆపించాను. బల్ల మాత్రం ఆపలేదు. ఇక్కడ నాతో ఏకీభవించని సేవకులున్నారు. తప్పు సరిదిద్దుకునేదాకా రొట్టె, ద్రాక్షారసం ఇవ్వకూడదంటారు. సరిదిద్దుకోవడానికి ఒప్పుకుని నడక మొదలుపెట్టినవాడికి అన్నం పెట్టకుండా ఎలా నడిపిస్తాం అని నా మాట. ఈ వాదన మాలో ఇంకా తెగలేదు.

తర్వాత లెక్క. లేవీయకాండం ఆరో అధ్యాయంలో పొరుగువాణ్ణి మోసం చేసినవాడు అసలు ఇచ్చి, దానిపైన ఐదోవంతు కలిపి ఇవ్వాలి, అపరాధ పరిహార బలి అర్పించే రోజునే ఇవ్వాలి. దేవుడి దగ్గరికి బలితో వచ్చే రోజు, మనిషి దగ్గరికి సొమ్ముతో వెళ్లే రోజు ఒకటే. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా, ఇల్లు తాకట్టు పెట్టి అంతా ఇచ్చేద్దామని ఈయన పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుచేసి పెద్ద త్యాగం చేస్తే అది మళ్లీ స్టేజి అవుతుందని నా భయం. రెండు సీజన్ల ధరల్ని సగటు చేసి కిలో 160 పెట్టాం. 307 కిలోలకి 49,120. ఐదోవంతు 9,824. మొత్తం 58,944.

అందులో 40,000 మిక్సరులో ఉంది. దాంతో విషయం సంఘపెద్దల దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఆయన అనుమతి తీసుకునే చెప్పాను.

ఆ మీటింగు మూడు గంటలు సాగింది. "కానుక పెట్టెలో పడ్డాక అది దేవుడి సొమ్ము, వెనక్కిచ్చే అధికారం మనకెక్కడిది?" అన్నాడు ఒక పెద్ద. దుర్మార్గంతో అనలేదు, భక్తితోనే అన్నాడు, అదే చిక్కు. నేను మార్కు ఏడో అధ్యాయం తీశాను. తల్లిదండ్రులకి ఇవ్వాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవార్పితం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లని యేసు అక్కడ తప్పుపడతాడు. ఇంకొకాయన మిక్సరు అమ్మేద్దామన్నాడు. సెకండ్ హ్యాండులో సగం కూడా రాదని తేలింది. మూల కూర్చున్న కుర్రాడొకడు, "యేసును పట్టించినందుకు వచ్చిన వెండి నాణేల్ని యూదా పారేస్తే, వాటిని కానుక పెట్టెలో వేయకూడదని ఆ ప్రధాన యాజకులే జాగ్రత్తపడ్డారు, మనం వాళ్లకన్నా తీసిపోయామా?" అన్నాడు. పెడసరంగా అన్నాడని కోప్పడ్డారు గానీ, మాట పనిచేసింది. గుడి రేకుల కోసం దాచిన నిధిలోంచి 40,000 తిరిగి ఇవ్వాలని నిర్ణయించారు. ఆ వర్షాకాలం మా గుడి రెండు చోట్ల కారింది. మిగతా 18,944కి ఆయన భార్య గొలుసు బ్యాంకులో పెట్టారు.

యజమానికి ముందు చెప్పాలని, పోలీసు కేసు పెట్టినా పెట్టొచ్చని, దాన్ని ఆపమని నేను బతిమాలనని చెప్పాను. కేసు పెట్టలేదు. ఉద్యోగం పోయింది. అరకిలో తీసినందుకు కాదట, రైతులకి చెబుతానన్నందుకు.

జనవరి నుంచి మార్చిదాకా ఇద్దరం నా స్కూటీ మీద తిరిగాం. సత్తెనపల్లి దాటి, పల్నాడు లోపలికి. ఫోన్లో డబ్బు పంపేస్తే సరిపోదా అని ఆయన ఒకసారి అడిగాడు. ముఖం చూసి ఇవ్వాలన్నాను. ఒక రైతు నోటికొచ్చినట్టు తిట్టి, డబ్బు లెక్కపెట్టుకుని, మంచినీళ్లిచ్చాడు. ఒకాయన ఐదోవంతు తిరిగి ఇచ్చేసి "నాది నాకు చాలు" అన్నాడు. ఇంకొకాయన నావైపు చూసి, "ఈయన్నెందుకు తెచ్చావయ్యా? నేను కొడతాననా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, నిజం కూడా అదే. ఆ తర్వాత నేను ఇంటి బయటే ఆగేవాణ్ణి. ఒక ఇంట్లో రైతు చనిపోయాడు. కొడుకు డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోలేదు, మా నాన్న మోసపోయేవాడు కాదు అన్నాడు. రెండోసారి వెళితే తల్లి తీసుకుంది.

ఒకరోజు ఎండలో తిరిగి జ్వరంతో మా ఇంటి అరుగుమీద పడుకున్నాడు. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "రోమా పన్నెండులో పౌలు 'మీ శరీరములను' దేవుడికి సమర్పించమన్నాడు గదా, మీరు అక్కడ మనసు గురించే చెబుతారు ఎప్పుడూ" అని నాకు ఒకటి తగిలించింది. ఆ వచనం చివర "ఇట్టి సేవ మీకు యుక్తమైనది" అని ఉంటుంది. సేవ అన్నదే మాట. పాత నిబంధన హెబ్రీలో కూడా పొలం పనికీ, గుడారంలో జరిగే సేవకీ వాడేది ఒకటే మాట. మా దగ్గర ఆ రెండూ విడిపోయాయి. సేవ పాస్టరు ఉద్యోగమైంది, ఆరాధన పాటలవాళ్ల డ్యూటీ అయింది, తూకం మిర్చి యార్డు సంగతైంది.

ఇప్పుడు

ఇది రాస్తున్నది ఆ పై జనవరిలో. ఆయన ఒక ప్లైవుడ్ షాపులో పనిచేస్తున్నాడు, 14,000. గొలుసు ఇంకా విడిపించలేదు. భార్య మాత్రం మునుపటికంటే నిదానంగా ఉంది, నాతో కూడా మాట్లాడుతోంది. ఆదివారం నాలుగో వరసలో కూర్చుంటాడు. అనుభవం తిరిగొచ్చిందా అని నెలకోసారి అడిగేవాణ్ణి. మూడోసారి అడిగినప్పుడు, "అది అడగడం మానేయండి అయ్యగారూ, నేను కూడా మానేశాను" అన్నాడు. మళ్లీ పాటలు నడిపించమని సంఘం అడిగింది. ఇప్పుడే కాదన్నాడు. ఎప్పుడని నేను అడగలేదు.

ఆరాధన క్రమంలో ఒక్క మార్పు చేశాం. కానుకకి ముందు మత్తయి 5:23, 24 చదివి (అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, ముందు వెళ్లి అతనితో సమాధానపడమనే చోటు), రెండు నిమిషాలు ఊరుకుంటాం. కొత్త సంగతేం కాదు. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1950లో కూర్చుకున్న ప్రభురాత్రి భోజన క్రమంలోనే, కానుకకి ముందు సమాధానాన్ని చేతినుంచి చేతికి అందించుకునే భాగం ఉంది. మొదటి ఆదివారం ఆ రెండు నిమిషాల్లో మైకు పాడైందనుకుని కీబోర్డు కుర్రాడు వైర్లు వెతికాడు. మూడో వారం ఒకావిడ లేచి బయటికెళ్లి ఎవరికో ఫోన్ చేసింది, తిరిగి రాలేదు. తర్వాతి వారం వచ్చింది. ఎవరికి చేసిందో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

28 మందిలో 23 మంది దొరికారు. మిగతా ఐదుగురి వాటా 9,216 ఒక కవరులో నా బీరువాలో ఉంది. సంఖ్యాకాండం ఐదో అధ్యాయం ప్రకారం, తీసుకోవడానికి బంధువు లేకపోతే ఆ సొమ్ము యెహోవాకు, అంటే యాజకుడికి చెందుతుందని ఒక పెద్ద గుర్తుచేశాడు. రేకులు కారుతున్నాయి కాబట్టి ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ వచనం బంధువు లేడని తేలాక మాట. మేం ఇంకా వెతకడం పూర్తి చేయలేదు.

చీటీ చూడకుండా జేబులో పెట్టుకున్న ముసలాయన ఆ ఐదుగురిలో ఉన్నాడు. నోట్‌బుక్కులో ఆయన ఇంటిపేరు లేదు, నంబరు పనిచేయడం లేదు, ఊరు ఉండాల్సిన చోట 'అచ్చంపేట దగ్గర' అని మాత్రమే ఉంది. ఫిబ్రవరిలో కొత్త కాయ దిగుతుంది. పోయినేడాదిలాగే ఈసారి కూడా షాపుకి వెళ్లేముందు, తెల్లారి ఐదింటికి యార్డు గేటు దగ్గర నిలబడతానన్నాడు. అటువైపు నుంచి వచ్చే లారీలు ఆ వేళకే వస్తాయి.